శెట్టి సీను అయ్యాక కూడా నాటకం ఉంది

ఈ కాలం కుర్రాళ్ళని చింతామణి నాటకంలో ఎవరెవరుంటారో చెప్పమనండి. సుబ్బిశెట్టి అంటారు. ఇంకా? శ్రీహరి అంటారు. ఇంకా? అంటే ఫోను తీస్తారు. ఆ ఫోనులో 'చింతామణి కామెడీ' అని కొడితే కుప్పలు తెప్పలుగా వచ్చి పడతాయి, అన్నీ శెట్టి సీన్లే. బిల్వమంగళుడు కనపడడు. రాధ ఊసే ఉండదు. భవానీశంకరం ఎక్కడో ఒకచోట తళుక్కుమని వెళ్ళిపోతాడు. ఎవరి పేరున నాటకం వెలిసిందో ఆ చింతామణి కూడా శెట్టి జోకులకి పక్కన నిలబడి కిలకిలా నవ్వడానికే ఉంటుంది. దీన్ని నాటకం అనేటట్టయితే తాలింపు గింజల్ని పప్పు అనాలి.

ముసలాడి చాదస్తం అంటారు, అననివ్వండి. పలక పట్టిన దగ్గర్నుంచి పద్య నాటకాలు చూసినవాణ్ణి, బడిపంతులుగా పిల్లలచేత వేయించినవాణ్ణి. ఈమాత్రం సణిగే హక్కు నాకుంది.

కాళ్ళకూరి నారాయణరావు గారు (1871-1927) ఈ నాటకం జనాన్ని నవ్వించడానికి రాయలేదు. వీరేశలింగం గారి గాలి సోకిన తరం ఆయనది. ఊళ్ళని పట్టి పీడిస్తున్న జబ్బులు చూశారు, జబ్బుకొక నాటకం రాశారు. వేశ్యాలోలత్వం మీద చింతామణి, కట్నాల మీద వరవిక్రయం, తాగుడు మీద మధుసేవ. చింతామణికి తీసుకున్న కథ పాతదే. శ్రీకృష్ణకర్ణామృతం చెప్పిన లీలాశుకుడు పూర్వాశ్రమంలో బిల్వమంగళుడనే బ్రాహ్మడనీ, ఒక వేశ్య వలలో పడ్డాడనీ లోకంలో ఉన్న కథ. ఇంట్లో ఇల్లాలు రాధని వదిలేసి హోరుగాలిలో బయల్దేరతాడు. ఏట్లో కొట్టుకొచ్చే శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని ఈదుతాడు, గోడకి వేలాడే పాముని తాడు అనుకుని పట్టుకుని ఎక్కుతాడు. ఎక్కి లోపలికి దిగితే, ఆ దిగినవాణ్ణి నిలబెట్టి బుద్ధి చెప్పేది ఆ వేశ్యే. నాకు తెలిసి తెలుగు రంగస్థలం మీద అంత గట్టిగా మగాడి కళ్ళు తెరిపించిన ఆడది కన్యాశుల్కంలోని మధురవాణి తర్వాత చింతామణే. చదువుకున్న పిల్ల, కృష్ణభక్తి ఉన్న పిల్ల, తల్లి శ్రీహరి డబ్బు లెక్కలు వేస్తుంటే ఈ బతుకు నాకొద్దని ఎదురు తిరిగే పిల్ల. ఆమె చుట్టూ తిరిగి ఇల్లూ ఒళ్ళూ గుల్ల చేసుకున్న మగాళ్ళలో సుబ్బిశెట్టి ఒకడు. ఒకడంటే ఒకడే. అతనికి హాస్యం పెట్టారు, నిజమే. రాత్రంతా నడిచే నాటకంలో నాలుగు నవ్వులు లేకపోతే జనం కూర్చోరని ఆయనకీ తెలుసు. కానీ ఆ నవ్వు కూడా అతను చితికిపోయే దారిలో ఒక మజిలీ. ఆ దారి వదిలేసి మజిలీ దగ్గరే గుడారం వేసుకున్నారు తర్వాతివాళ్ళు.

అది ఎలా జరిగిందో చెబుతాను, ఎందుకంటే నేను చూస్తుండగానే జరిగింది.

నాటకాలు ఊరూరా తిరగడంలో రెండు పద్ధతులుండేవి. సురభి వాళ్ళది ఒక పద్ధతి. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టినప్పట్నుంచి వాళ్ళది కుటుంబం. తాతా మనవడూ, అత్తా కోడలూ అందరూ నటులే. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టేవారు. తెరలు, సెట్టింగులు, సామానూ అన్నీ సొంతం. ఒక ఊళ్ళో హాలు వేస్తే నెలల తరబడి ఆడేవారు. రెండోది మా కృష్ణా, గుంటూరు జిల్లాల కాంట్రాక్టు నాటకం. తిరునాళ్ళకో, శ్రీరామనవమి పందిట్లోకో నాటకం కావాలంటే కమిటీ పెద్దలు కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. ఆయన తెనాలి నుంచి ఒకర్ని, గుడివాడ నుంచి ఒకర్ని, రేపల్లె నుంచి ఒకర్ని మాట్లాడి పంపేవాడు. ఆ నటులు ఒకరినొకరు ఆ సాయంత్రం మా బడిలో కలుసుకునేవారు. రిహార్సలు ఉండదు. ఎవరి పాత్ర వాళ్ళకి కంఠతా వచ్చు, మిగతాది హార్మోనిస్టు చూసుకుంటాడు. మూడో తరగతి గదిలో బల్లల మీద అద్దాలు పెట్టుకుని అర్దళం రాసుకునేవారు. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ మేం చూసేవాళ్ళం. మీసం తీసిన మనిషి రవిక ముడేసుకుని, సవరం పెట్టుకుని, గాజులు తొడుక్కుని లేచి నిలబడేసరికి మేం నోళ్ళు తెరుచుకుని ఉండిపోయేవాళ్ళం.

మా నాన్న స్థానం నరసింహారావు గారి చింతామణి చూశానని చచ్చేదాకా చెప్పుకున్నాడు. నాకు దక్కింది బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారి చింతామణి. ఆడదాన్ని వెక్కిరించే ఆడవేషం కాదది. పైట సర్దుకోవడంలో, తల తిప్పి చూడటంలో ఒక మర్యాద ఉండేది. ముందు వరసలో కూర్చున్న ఆకతాయిలు కూడా ఒక్కోసారి ఈల వెయ్యడానికి వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ తీసేసేవారు. బిల్వమంగళుడు వచ్చి పద్యం ఎత్తుకుంటే ఇంకేముంది. రాగం తీస్తూ తీస్తూ అతను హార్మోనియం వైపు ఒక చూపు చూసేవాడు. హార్మోనిస్టు ఒక మెట్టు పైకి పోనిచ్చేవాడు. అక్కడ నుంచి వాళ్ళిద్దరికీ పందెం. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదట్నుంచీ. ఒక్కో నాటకంలో బిల్వమంగళుళ్ళు ఇద్దరేసి ఉండేవారు. సగం రాత్రి దాకా ఒకాయన, తర్వాత ఇంకొకాయన. మొదటాయన కన్నా రెండో ఆయన పొట్టిగా ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పద్యం బాగుంటే చాలు, ఎత్తెవడికి కావాలి.

ఇప్పటివాళ్ళ సంగతి చెప్పనా? కాలరు మైకు, ముందే రికార్డు చేసిన ట్రాకు. రాగం పాడుతున్నది గొంతో పెట్టెనో తెలీదు. హార్మోనియం పెట్టె ఉంటుంది గానీ దాని మీద మంచినీళ్ళ సీసా ఉంటుంది. పోనీ, అదలా ఉంచండి.

శెట్టి దగ్గరికి వస్తాను. కాంట్రాక్టు నాటకంలో ఒక చిక్కుంది. పద్యం పుస్తకంలో ఉన్నంతే ఉంటుంది, పెంచడానికి వీల్లేదు, రాగం పెంచాలంతే. వచనం అలా కాదు. సాగదీసినంత సాగుతుంది. సుబ్బిశెట్టి వేషగాడు మొదట ఒక మాట కలిపాడు. జనం నవ్వారు. పక్క ఊళ్ళో రెండు కలిపాడు. శ్రీహరి వేషగాడు ఊరుకుంటాడా, తనూ ఒకటి కలిపాడు. మూడేళ్ళు తిరిగేసరికి కాళ్ళకూరి వారు రాసింది ఏదో, దారిలో అంటుకున్నది ఏదో వాళ్ళకే తెలీకుండా పోయింది. హార్మోనిస్టు కూడా కూర్చున్నచోట నుంచే శెట్టికి ఎదురు ప్రశ్నలు వెయ్యడం మొదలైంది. ఆ తర్వాత క్యాసెట్ల కాలం వచ్చింది. బస్టాండు పక్కన కొట్లలో చింతామణి క్యాసెట్టు అడిగితే రెండు రకాలు చూపించేవారు: ఒకటి పద్యాలది, ఒకటి 'ఆ రకం' కామెడీది. రెండోది కాగితంలో చుట్టి ఇచ్చేవారు. దాంతో జనం శెట్టి చేత ఏం చెప్పించుకోవాలో ఇంటి దగ్గరే నేర్చుకుని వచ్చేవారు. నటుడు ఆ మాట అనకపోతే వాళ్ళే కింద నుంచి అందించేవారు.

అప్పట్నుంచీ కమిటీ వాళ్ళు కాంట్రాక్టరుని అడిగే మొదటి మాట మారిపోయింది. 'బిల్వమంగళుడు ఎవరు?' అని అడిగేవారు కాస్తా 'శెట్టి ఎవరు?' అనడం మొదలుపెట్టారు. శెట్టి రేటు పెరిగింది. రాధ వేషానికి పిలవడం మానేశారు. సంసారపు సీను ఎవడు చూస్తాడన్నారు. తెల్లవారుజామున వచ్చే చివరి ఘట్టం, అసలు నాటకం దేనికోసం రాశారో ఆ ఘట్టం, ఏ స్థితికి వచ్చిందంటే: శెట్టి సీను అవగానే జనం చాపలు చుట్టుకుని లేచేవారు. పందిట్లో ఎక్కడివాళ్ళక్కడ నిద్ర. టీ కొట్టువాడు గ్లాసులు కడుక్కుంటున్నాడు. స్టేజీ మీద బిల్వమంగళుడు బుద్ధొచ్చి, విరక్తి పుట్టి, కృష్ణుణ్ణి తలుచుకుంటూ గొంతు చించుకుని పద్యం పాడుతున్నాడు. వినేది నేనూ, మా తెలుగు మాస్టారూ, కూలి డబ్బు కోసం కూర్చున్న మైకువాడూ. మధ్యలో మైకువాడు, 'ఇంకెన్ని పద్యాలండీ?' అని సైగ చేసేవాడు.

మా రోజులు బంగారం అని నేననడం లేదు. అన్నా మా ఆవిడ అననివ్వదు.

మొన్న ఇదంతా చెబుతుంటే వంటింట్లోంచే అందుకుంది. "ఏవండీ, మీ రోజులు మీ రోజులు అంటారు గానీ, ఆ రోజుల్లో మమ్మల్ని పందిరి ఛాయలకి రానిచ్చారా? హరిశ్చంద్ర అంటే పంపేవారు, రామాంజనేయ యుద్ధం అంటే పంపేవారు. చింతామణి అంటే మా అమ్మ తలుపు గడియ వేసి పడుకోబెట్టేది."

"మరి అలాంటి మాటలు..."

"గడియ వేసినా మైకు ఆగుతుందా? ఊరంతా వినిపించేది. అన్నీ విన్నాం. చివర ఆవిడ బుద్ధి చెప్పే సీనుకి మాత్రం మీ మైకువాడు తగ్గించేసేవాడు."

చూశారా, నేను రెండు పేజీల్లో చెప్పలేనిది పోపు వేస్తూ చెప్పేసింది. ఇల్లాళ్ళ ఉసురు పోసుకునే మగాళ్ళకి బుద్ధి రావాలని రాసిన నాటకం అది. ఆ ఇల్లాళ్ళే చూడకూడని నాటకం చేసి పెట్టారు. చూడవలసినవాళ్ళని ఇంట్లో పెట్టి గడియ వేసి, బుద్ధి రావలసినవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టి ఈలలు వేయించారు. కాళ్ళకూరి వారు అప్పటిదాకా ఉండి ఉంటే మా పందిరి గుంజ పీకేసి ఉండేవారు.

ఇంకో సంగతి. ఇది చెప్పకపోతే నా సణుగుడు సగమే అవుతుంది.

మా ఊళ్ళో కిరాణా కొట్టు శెట్టిగారు ఒకాయన ఉండేవారు. మహా నెమ్మదైన మనిషి. పంటలు పోయిన ఏడు ఊరికి అరువిచ్చి తిండి పెట్టిన కొట్టు అది. ఉత్సవం చందా పుస్తకంలో మొదటి పేరు ఆయనదే ఉండేది, పందిరి గుడ్డ ఆయన ఖర్చు. ఒక ఏడు శెట్టి వేషగాడు, వేషం కట్టుకుంటూనే, మా ఊళ్ళో కొట్టు ఎవరిది, ఏ బజార్లో ఉంది, ఆయనకి పిల్లలెందరు అని కమిటీ కుర్రాణ్ణి అడిగి కనుక్కున్నాడు. ఇది ఆ రోజుల్లో అందరు వేషగాళ్ళూ చేసేదే, ఏ ఊరు వెళ్తే ఆ ఊరి పేర్లు కలపడం. రాత్రి స్టేజీ మీద ఆ పేర్లన్నీ దొర్లించాడు. పందిరి ఊగిపోయింది. శెట్టిగారు ముందు వరసలో కుర్చీలో ఉన్నారు, పక్కన పదేళ్ళ కొడుకు. ఆయన నవ్వారు. నవ్వక ఏం చేస్తారు, ఊరంతా ఆయన మొహమే చూస్తుంటే. తెల్లారి బడికి ఆ కుర్రాడు వస్తే పిల్లలు వాణ్ణి ఏమని పిలిచారో నేను చెప్పక్కర్లేదు. బడి వదిలేదాకా వాడికి అదే పేరు. మరుసటేడు చందా యథాప్రకారం వచ్చింది. శెట్టిగారు మాత్రం నాటకానికి రాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు.

అప్పుడు ఊళ్ళో పెద్దలు అన్న మాట, ఇప్పుడు మా ఈడువాళ్ళు రచ్చబండ మీద కూర్చుని అనే మాట ఒకటే: "అంతా సరదాకే కదండీ, కన్యాశుల్కంలో బ్రాహ్మల్ని ఆడిపోసుకోలేదా, వాళ్ళేమన్నా అన్నారా?" అని. గురజాడ వారు లుబ్ధావధాన్లనీ అగ్నిహోత్రావధాన్లనీ ఉతికి ఆరేశారు, నిజమే. కానీ ఆ ఉతుకుడు పుస్తకంలో ఉంది. ఎవరు వేసినా అదే మాట. ఊరు మారినప్పుడల్లా ఆ ఊరి పంతులుగారి పేరు కలపలేదెవరూ. సరదా అనేది పడేవాడు చెప్పాలి, వేసేవాడు కాదు. ఆ మాటకొస్తే చింతామణి పుట్టిన కులపు ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా, వాళ్ళకి సరదాగా ఉందో లేదో? ఆ ఇళ్ళల్లో ఆడపిల్లల్ని దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం చేసి ఆపారు. ఆ తర్వాత కూడా మన పందిళ్ళలో శ్రీహరి నోట అవే సంభాషణలు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి. శెట్లకి సంఘాలున్నాయి కాబట్టి వాళ్ళ బాధ కాగితం మీదకెక్కింది. వీళ్ళకి ఆ కాగితం కూడా లేదు.

కాగితం అంటే గుర్తొచ్చింది, నిషేధం. ఆర్యవైశ్య సంఘాలు అడగ్గా అడగ్గా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో చింతామణి ఆడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. దాదాపు నూరేళ్ళు ఆడిన నాటకం ఒక్క సంతకంతో ఆగింది. ఒక పాత్ర మీద అభ్యంతరం ఉంటే నాటకం మొత్తాన్ని ఎలా ఆపుతారని కొందరు హైకోర్టుకెళ్ళారు. నా పాయింటూ అదే. వాళ్ళ బాధ నిజం, నా కళ్ళతో చూశాను. దానికి చేసిన వైద్యమే తప్పు. అభ్యంతరమంతా దారిలో అంటుకున్న కంపు మీద. శిక్ష పడింది కాళ్ళకూరి వారికి. కలిపినవాడికి ఏమైంది? ఏమీ కాలేదు. వాడు కలిపిందంతా ఫోనుల్లో భద్రంగా ఉంది, ఇప్పటికీ చూస్తున్నారు. పుస్తకంలో ఉన్న పద్యాలు నేర్చుకుని, గొంతు కాపాడుకుంటూ, రాత్రికింత అని పుచ్చుకుని పొట్ట పోసుకునే బిల్వమంగళుళ్ళకి, చింతామణులకి మాత్రం వేషాలు పోయాయి. పల్లెటూరి పద్య నాటక కళాకారులకి చింతామణి అంటే ఏడాదిలో సగం తిండి.

పుస్తకం ప్రకారం ఆడండి, ఒక్క మాట కలిపితే ఊరుకోం అని ఉత్తర్వు ఇచ్చి ఉంటే ఏమయ్యేది? కష్టమే, ప్రతి పందిరికీ పుస్తకం పట్టుకుని పోలీసుని కూర్చోబెట్టలేం. కానీ ఆ పని పోలీసులది కాదు, కమిటీలది. ఇంగ్లీషువాళ్ళకి షేక్స్‌పియర్ నాటకంలో షైలాక్ ఉన్నాడు, యూదుల్ని గాయపరిచే పాత్ర. ఒకప్పుడు అతన్ని పెద్ద ముక్కు పెట్టి కోతిలా ఆడించి నవ్వుకున్నారు. తర్వాత వచ్చిన నటులు అదే మాటల్ని పలికి అతని కడుపు మంట చూపించారు. నాటకం మారలేదు, ఆడేవాడి బుద్ధి మారింది. మన శెట్టినీ అలా ఆడొచ్చు. ఆస్తి పోయి, పరువు పోయి, ఇంటికెళ్ళి పెళ్ళాం మొహం చూడలేని మనిషి. ఆ సీను పిచ్చి గెంతులు లేకుండా, నిలబడి ఒక్క నటుడు చేస్తే చాలు. నలభై ఏళ్ళలో అలా చేసినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆ రాత్రి జనం ఎక్కువ నవ్వలేదు. కాంట్రాక్టరు అతన్ని మళ్ళీ పిలవలేదు.

ఇప్పుడు జాతరలకి రికార్డింగ్ డాన్సులు తెప్పిస్తున్నారు. నాటకం అంటే తొమ్మిదికి మొదలై పదకొండుకి అయిపోవాలట, పోలీసు పర్మిషను అంతవరకేనట. పర్మిషను అడగటానికి వెళ్ళిన మా కమిటీ కుర్రాడు నన్నడిగాడు, "మాస్టారూ, చింతామణి కుదరదు కదా, మరి కామెడీ ఉన్న నాటకం ఏముంది?" అని.

ఉంది నాయనా. అదే కాళ్ళకూరి వారిది, వరవిక్రయం. సింగరాజు లింగరాజని ఒక పిసినారి ఉంటాడు, కొడుకుని సంతలో ఎద్దుని అమ్మినట్టు అమ్ముకుంటాడు. కడుపుబ్బ నవ్వొచ్చు. ఆ బేరం భరించలేక పెళ్ళికూతురు కాళింది నూతిలో దూకుతుంది. చెల్లెలు కమల అతన్నే కట్టుకుని, కొన్న మొగుడు కొన్నవాళ్ళింట్లో ఉండాలని మామగారిని కోర్టుకీడుస్తుంది. 1939లో సినిమాగా తీస్తే భానుమతి గారికి అదే మొదటి వేషం. కట్నం తీసుకోకూడదని 1961లో చట్టం వచ్చింది, అయినా మీ ఇళ్ళల్లో ఏం జరుగుతోందో మీకు తెలుసు. ఇన్నేళ్ళూ దీన్ని కాంట్రాక్టరు ఎందుకు పట్టుకురాలేదో చెప్పనా? ఇందులో బూతు కలపడానికి చోటు లేదు.

వచ్చే శ్రీరామనవమికి వరవిక్రయం పెట్టించండి. పుస్తకం నా దగ్గరుంది, అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి. నటులకి ముందే ఇవ్వండి, రెండు రోజులు రిహార్సలు చేయించండి. ముందు వరస ఆడవాళ్ళకి వదలండి. కొట్టు శెట్టిగారి కొడుకు ఇప్పుడు మా ఊళ్ళోనే మెడికల్ షాపు నడుపుతున్నాడు, ఆయన్ని దగ్గరుండి పిలుచుకు రండి. నా చందా వెయ్యి నూట పదహార్లు, పుస్తకంలో రాసుకోండి.